ఐదు రాత్రుల చీటీ

డెరిక్ కింద నా పనంతా చేతులతోనే.
అరచెయ్యి పైకి లేస్తే రాయి లేస్తుంది,
పిడికిలి బిగిస్తే గాల్లో ఆగాలి.
ఇరవై టన్నుల నల్లరాయి,
ఒంటి నిండా బంగారు రవ్వలు.
చీమకుర్తిలో మాకు పగలే చుక్కలు కనబడతాయి మస్తానూ
అంటాడు క్రేన్ మాల్యాద్రి.
పదకొండేళ్లుగా నా చేతుల్ని చదివే కళ్లు వాడివి.

మంగళవారం కాబిన్ దిగుతా దిగుతా
ఆఖరి మెట్టు మీద నడుం పట్టేసింది.
తడిసిన పగ్గం ఎండకి బిగుసుకున్నట్టు.
మనిషి అట్టాగే వొంగి ఉండిపోయాడు,
జారిపోయిన చిల్లర వెతుక్కుంటున్నట్టు.

ఆటోలో ఒంగోలు తీసకపోయా.
గుంట వచ్చినప్పుడల్లా
రోడ్డేసినోడి ఏడు తరాలూ తిట్టాడు.

డాక్టరమ్మ వెన్ను తడిమింది, కాలు లేపించింది,
తిమ్మిరి కిందికి దిగుతోందా, ఒంటేలు సరిగా అవుతోందా,
ఒక్కోటీ అడిగింది.
"కండ భయపడి ముడుచుకుంది, అంతే."
భయం అనే మాటకి వీడు మొహం మాడ్చాడు.
"మందు తాగుతావా?"
"ఏ మందు?" అన్నాడు అమాయకంగా.
"నీ మందూ నా మందూ ఒక కడుపులో పడకూడదు నాయనా."
ఇంకేమేం మాత్రలు వేస్తావంది.
రాతిపొడికి తుమ్ములు రాకుండా మింగే పచ్చమాత్ర
జేబులోంచి తీశాడు.
దాన్ని బల్ల మీదే పక్కన పెట్టింది,
"ఇదీ నిద్రే. ఒక్క మనిషికి రెండు నిద్రలెందుకు?"

చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీసింది.
రాత్రికి ఒకటి. ఐదు రాత్రులు.
బండి తోలొద్దు, క్రేన్ ఎక్కొద్దు.
"ఇది ముడి వదులు చేస్తుంది,
దాంతోపాటే మెలకువనీ వదులు చేస్తుంది."

మూడో పొద్దున వాడు క్వారీలో ఉన్నాడు.
"బాగానే ఉండా. రాత్రి రెండేసినా."
మాట నోట్లో ముద్ద కడుతోంది.
కళ్లు నా చేతుల మీద నిలవడంలా,
తడిరాతి మీద ఈగలాగా జారిపోతున్నాయి.
కింద ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు
రాయి దింపేచోట దుంగలు సర్దుతున్నారు,
ఒకడు ఏదో పాట కూనిరాగం తీస్తా.

కాబిన్ ఎక్కాడు. హారన్ కొట్టాడు.
నేను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నా.
మళ్లీ హారన్.
సూపర్‌వైజర్ కేకలు, నా అమ్మనీ నా కూలినీ కలిపి.
పదకొండేళ్లలో మొదటిసారి
నా చేతులు వాడితో మాట్లాడలేదు.

దిగాడు. నా వైపు చూడకుండా
రేకుల నీడలోకి పోయి గోనెపట్టా మీద వాలాడు.
నా మీద తిట్టు ఒకటి మొదలుపెట్టి
సగంలో నిద్రపోయాడు.
ఆ సగం తిట్టు ఇప్పటికీ నాకు బాకీ.

పాలిషింగ్ సుబ్బరత్తం వచ్చింది,
"మెడ పట్టేసింది, వాడి మాత్రొకటి ఇప్పించన్నా."
వాడి నడుం చూసి రాసిన చీటీ అమ్మా,
నీ మెడని ఆమె చూళ్లేదుగా, అన్నా.
మూతి తిప్పుకుని పోయింది.

షీటు ఖాళీ అయిన రాత్రి ఫోన్ చేశాడు.
"నిద్ర బలే పడుతోందిరా. ఇంకోటి తెద్దామా?
షాపు పిల్లోడు చీటీ అడగడు."
నేను పలకలేదు.
ఫోన్లో వాళ్ల కోటమ్మ గొంతు వినపడింది,
వేన్నీళ్లు చల్లారిపోతున్నాయ్ రమ్మని.
కాసేపుండి, "నొప్పయితే లేదులే" అని పెట్టేశాడు.
తెచ్చుకోలేదనే అనుకుంటా. అడగలేదు.

ఎనిమిదో రోజు మెట్లు ఒక్కోటీ పట్టుకుని ఎక్కాడు.
కింద ఎవర్నీ ఉండనీలా.
ఉత్త కొక్కెం లేపించా, ఆపించా, దింపించా.
రెండోసారి కూడా.
కాబిన్ అద్దంలోంచి వాడు నవ్వలేదు.
రాయి మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది,
చుక్కలు వేసుకుని.